ఒడీలియా తడబాటు

న్యూ ఓర్లీన్స్,
ఫిబ్రవరి, 1967

ప్రియమైన జెనోబియాకు,

నీ టెలిగ్రామూ పూలూ అందాయి. పూలు మీ అక్క తలవైపు పెట్టించాను.

రాలేకపోయానని బాధపడకు. విరిగిన తుంటితో చికాగో మంచులో రైలెక్కడం ఎవరివల్లా కాదు. అన్నీ ఎలా జరిగాయో రాయమన్నావు. రాస్తున్నాను.

చర్చిలో ప్రార్థన బాగా జరిగింది. లోపల చోటు చాలక జనం మెట్ల మీదా వీధిలోనూ నిలబడ్డారు. అక్కడి నుంచి శ్మశానం దాకా మీ అక్క బ్యాండే ముందు నడిచింది. ఆమె శిష్యురాలు ఫిలొమీనా ఆమె డ్రమ్మే మెడలో వేసుకుంది. ఆనవాయితీ ప్రకారం డ్రమ్ము అడుగున ఉండే తీగల కింద చేతిరుమాలు దూర్చి, దాని గొంతు నొక్కి వాయించింది. రుమాలు నాదే. అన్నీ నెమ్మది పాటలు. ఎవరూ ఎక్కడా తప్పలేదు. పెద్ద ఎమిల్ ట్యూబా ఊదుతూనే ఏడ్చాడు.

తర్వాత జరిగింది కూడా నువ్వు తెలుసుకోవాలి. సమాధి మూసి అందరం గేటు బయటికి వచ్చాక ఫిలొమీనా రుమాలు లాగేసి డ్రమ్ము మోగించింది. ఇక సంతోషంగా ఇంటికి మళ్లే పాట. మీ అక్క కట్టిన ‘సోమవారం బట్టలు’ పాట ఎత్తుకున్నారు. జనం గొడుగులు విప్పారు, వెనక వరస వాళ్లు చిందులు మొదలుపెట్టారు. పాట సగంలో మీ అక్క తడబాటు రావాలి. మెట్టుకు కాలు తగిలినట్టు ఒక దెబ్బ సేపు తూలి మళ్లీ అందుకోవడం. ఈ ఊళ్లో దాన్ని ఎరగని వాళ్లు లేరు. అది వచ్చిందనుకుని ఎమిల్ ఆగాడు. క్లారినెట్టు తియోఫిల్ ఆగలేదు. ఫిలొమీనా ఆగబోయి, పొరపాటనుకుని వాయింపు పరుగెత్తించింది. పాట విడిపోయింది. నడివీధిలో వాయిద్యాలు దించి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొడుగులు ముడిచేశారు. ఇంటిదాకా మాటల్లేకుండా నడిచాం.

నేను రెండు చేతులతో టోపీ పట్టుకుని నిలబడ్డాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆమెను సరిగ్గా సాగనంపలేదని ఇక్కడ అనుకుంటున్నారు. అలాంటివి నేను నమ్మను. అయినా ఆ మాట వినబడినప్పుడల్లా లేచి వెళ్లిపోతున్నాను.

తుంటి జాగ్రత్త.

ఆల్సీడ్


చికాగో,
ఫిబ్రవరి

ప్రియమైన బావకి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. గొడుగులు ముడుచుకోవడం తలుచుకుని నవ్వాను. నవ్వినందుకు మళ్లీ ఏడ్చాను. నర్సు వచ్చి, “ఏదో ఒకటి తేల్చుకోమ్మా, పక్క మంచం ఆవిడ నిద్రపోవాలి” అంది.

అక్క గురించి నాలుగు మాటలు రాసిమ్మని చర్చి పత్రిక వాళ్లు మిమ్మల్ని అడిగారట కదా, ఎమిల్ ఫోనులో చెప్పాడు. మీరు రాస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పుట్టింది, వాయించింది, పోయింది. అంతే. అందుకని నేను చెప్తాను, రాసుకోండి.

మా నాన్న వీధి బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. ఆడపిల్ల ముట్టుకుంటే డ్రమ్ము తోలు వదులైపోతుందని ఆయన నమ్మకం. సోమవారం వస్తే మా అమ్మ వీధి వీధంతటి బట్టలూ ఉతికేది. పొయ్యి మీద ఎర్ర చిక్కుడు గింజలు వాటంతటవి ఉడుకుతుండేవి. అక్క పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని తడి దుప్పట్లు కర్రతో బాదేది. నాన్న లోపల గడ్డం గీసుకుంటూ, “ఒడీలియా, ఎందుకే ఆ పరుగు, దుప్పటి ఎక్కడికీ పోదు” అని అరిచేవాడు. అలా తనకే తెలియకుండా పాఠాలన్నీ చెప్పేశాడు. ఒక సోమవారం ఆమె బాదుడుకి ఆయన చెయ్యి తనంతట తనే తాళం వేసి చెంప తెగింది. నెత్తురు తుడుచుకుంటూ వచ్చి డ్రమ్ము కిందికి దించి ఇచ్చాడు.

యుద్ధమొచ్చి మగవాళ్లు ఓడలెక్కాక డాన్సు హాలు యజమాని అక్కను పిలిచాడు. “మగవాళ్లు తిరిగొచ్చేదాకే సుమా” అన్నాడు. వాళ్లు తిరిగొచ్చారు. అక్క స్టూలు మీంచి లేవలేదు.

మధ్యలో ఆడవాళ్ల బ్యాండుతో ఊళ్లు తిరిగాం, ఆమె డ్రమ్ము, నా ట్రాంబోన్. మన నల్లవాళ్లకి హోటల్లో గదులివ్వరు కాబట్టి బస్సులోనే పడక. అక్క మా అందరి లోబట్టలూ పెద్ద డ్రమ్ములో కుక్కేది. మోత తగ్గుతుంది, పెట్టె కలిసొస్తుంది అనేది. టెక్సస్‌లో ఒక షెరీఫ్ దొంగ సారా ఉందని డ్రమ్ము విప్పించాడు. చెయ్యి పెట్టి బయటికి లాగింది చూసి చెవులదాకా ఎర్రబడి, “వెళ్లండమ్మా, వెళ్లండి” అన్నాడు.

సొంత బ్యాండు పెట్టిన మొదటిరోజే తియోఫిల్, “గౌను వేసుకున్నవాళ్లు చెబితే నేను వినను” అన్నాడు. “వినొద్దు నాయనా, వాయించు” అంది అక్క. అతను సోలోలో పైపైకి ఎక్కుతుండగా డ్రమ్ము ఆపేసింది. నిచ్చెన లాగేసినట్టయింది పాపం. అప్పటి నుంచీ బాస్ అన్నాడే తప్ప ఇంకో పేరు పెట్టి పిలవలేదు.

ఇక మీ సంగతి. స్కూలు చందాల కోసం పెట్టిన డాన్సుకి వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చున్నారు. ఇస్త్రీ సూటు, లెక్కల మాస్టారు. చప్పట్లు మొదలుపెట్టారు. నేను పాటలో ఎక్కడున్నానో మరిచిపోయాను. ఒంటిచేత్తో మా బ్యాండును ముంచబోయిన మొదటి మనిషి మీరే. విరామంలో అక్క దిగి వచ్చి, “ఎప్పుడూ ఇలాగే కొడతారా?” అని అడిగింది. మీరు, “ఇంకోలా కూడా ఉంటుందా?” అన్నారు. ఆ ఒక్క మాటకి పడిపోయింది మా అక్క. తర్వాతి కార్నివాల్‌కల్లా పెళ్లి.

ఇవన్నీ రాయండి. షెరీఫ్ ముక్క ఫాదర్ కొట్టేస్తాడు, అయినా రాయండి.

టోపీ రెండు చేతులతోనూ పట్టుకున్నారా? పాట ఎత్తుకున్నాక కూడానా? సరే.

మీ మరదలు,
జెనోబియా


న్యూ ఓర్లీన్స్,
మార్చి

ప్రియమైన జెనోబియాకు,

నువ్వు చెప్పినవి రాసి ఇచ్చాను. ఫాదర్ షెరీఫ్‌ను ఉంచాడు. టెక్సస్‌ను కొట్టేశాడు.

నా టోపీతో నీకేం పనో అర్థం కాలేదు. నా చప్పట్ల గురించి నువ్వు రాసినది మాత్రం పాత ముచ్చట. మొదట్లో నాకు రాదు, నిజమే. పెళ్లయ్యాక నేర్చుకున్నాను. మీ అక్క బ్యాండు వాయించేటప్పుడు నా తాళం ఎప్పుడూ కుదిరేది. మొదట కొంచెం అటూ ఇటూగా ఉన్నా పాట సగానికి వచ్చేసరికి పడేది. చర్చిలో పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. అది ఆర్గాన్ వాయించే ఆవిడ లోపం అనుకుంటాను.

అసలు విషయం. సోమవారం బ్యాండు వాళ్లు ఇంటికి వచ్చారు. ఎర్ర చిక్కుడు గింజలు వండాను. ఎమిల్ ఒక చెంచా తిని, “మాస్టారూ, బాస్ పోయిన బాధ తగ్గలేదు, దానికి తోడు ఇదొకటా” అన్నాడు. అయినా మూకుడు ఖాళీ చేశాడు.

ఈస్టర్ వెళ్లిన ఆదివారం మన పేట క్లబ్బు వార్షికోత్సవ ఊరేగింపు. ఏటా మీ అక్కే నడిపించేది. ఈసారి శ్మశానం గేటు దగ్గర ఆగి, ఆ రోజు తెగిపోయిన పాటను మళ్లీ మొదటి నుంచి వాయించి ఆమెను సాగనంపాలని క్లబ్బు తీర్మానించింది. మళ్లీ తప్పితే ఇక ఈ బ్యాండు వద్దని, వచ్చే ఏడు వేరేవాళ్లను పిలుస్తామని కూడా చెప్పారు. తప్పితే వాళ్లు చెప్పక్కర్లేదు, మేమే చాలిస్తామన్నాడు ఎమిల్. మిగతావాళ్లు కాదనలేదు.

చిక్కంతా ఆ తడబాటే. పాటలో అది ఎక్కడ వస్తుందో ఎవరికీ తెలియదు.

“ఇన్నేళ్లు వాయించారు కదా” అన్నాను.

“ఒకచోటని ఉంటే కదా మాస్టారూ” అన్నాడు తియోఫిల్. “ఒకరోజు ముందు, ఒకరోజు వెనక. ఆవిడ కనుబొమ్మ లేచేది, మేం ఆగేవాళ్లం.”

“నేను కనుబొమ్మ చూడలేదు, మడమ చూసేవాణ్ణి” అన్నాడు ఎమిల్.

“నన్నెప్పుడు అడిగినా, అది వచ్చినప్పుడు వస్తుంది పో అనేది” అంది ఫిలొమీనా. పిల్ల బాగా చిక్కిపోయింది.

ఆమె కాగితాల్లో వెతికాను. చాకలి చీటీలు దొరికాయి. పాత రికార్డులు పెట్టి విన్నాం. ఇక్కడి రేడియోలో వాయించిన వాటిలో తడబాటు ఉంది, ఒక్కోదాంట్లో ఒక్కోచోట. చికాగోలో చేసిన రికార్డులో అసలు లేదు. ఎందుకో తెలియదు. అప్పుడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ ఇక్కడే ఉండిపోయాను, ఆమెను అడగలేదు.

న్యూయార్క్ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి రాసిన వ్యాసం కూడా తీసి చదివాను. ఆ తడబాటు మన పూర్వీకుల కాలి గొలుసుల జ్ఞాపకమని రాశాడు. అది చదివిన రోజు మీ అక్క నవ్వీ నవ్వీ వంటింట్లో నేలమీద కూర్చుండిపోయింది. ఎందుకో చెప్పలేదు.

వాళ్లు ముందుగదిలోనే సాధన చేస్తున్నారు. అడ్డం ఎందుకని నేను వంటింట్లో బెండకాయలు తరుగుతూ కూర్చుంటున్నాను. కుదరడం లేదని గోడ ఇవతలికి కూడా తెలుస్తోంది.

మ్యూజియం వాళ్లు ఆ డ్రమ్ము అడుగుతున్నారు. అద్దాల పెట్టెలో పెడతారట. ఊరేగింపు అయ్యాక చెబుతానన్నాను.

ఆల్సీడ్


చికాగో,
మార్చి

ప్రియమైన బావకి,

చిన్న ఉత్తరం. కట్టు మార్చడానికి తీసుకెళ్తున్నారు.

వంటింట్లో కూర్చోకండి. ముందుగదిలో, కిటికీ పక్కన, ఎప్పుడూ కూర్చునే మీ కుర్చీలోనే కూర్చోండి. ఫిలొమీనాకు ఎదురుగా. బెండకాయలు చేతిలో పెట్టుకోవద్దు. టోపీ అసలే వద్దు.

ఎందుకని అడగొద్దు. మరదలు చెప్పిందని చెయ్యండి.

జెనోబియా


న్యూ ఓర్లీన్స్,
మట్టల ఆదివారం

ప్రియమైన జెనోబియాకు,

నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. ఏమీ జరగలేదు.

చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా విన్నాను. మైల ఉన్న మగవాడు ఏడాది ప్రార్థన అయ్యేదాకా పాటకు చెయ్యి కలపకూడదని మా అమ్మ పట్టింపు. మా నాన్న పోయినప్పుడు మా అన్నయ్య ఈలవేస్తే వీధిలోకి తరిమింది. నాకు ఆ పట్టింపులు లేవనే అనుకున్నాను. తీరా చూస్తే చేతులు లేవలేదు.

ఫిలొమీనా ఆ ఒక్క దెబ్బనూ మొదట్లో పెట్టి చూసింది, మధ్యలో పెట్టింది, చివర పెట్టింది. ఎక్కడ పెట్టినా గుమ్మంలో జారిపడినట్టే ఉంది. పుల్లలు కింద పడేసి, “ఆవిడ నాకు అన్నీ నేర్పింది, ఇదొక్కటీ దాచుకుంది” అని ఏడ్చింది. ఆ పిల్ల అలా అనడం నాకు కష్టంగా ఉంది. మీ అక్క ఏదీ దాచుకునే మనిషి కాదు.

అందరూ వెళ్లిపోయాక ఎమిల్ గుమ్మం దగ్గర ఆగాడు. “మాస్టారూ, నది మీద పడవలో పిలుస్తున్నారు, యాత్రికులకి వాయించడానికి. అందరికీ ఒకే గళ్ల చొక్కా ఇస్తారట” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

మ్యూజియం వాళ్లకు ఊరేగింపు మర్నాడు రమ్మని చెప్పాను. అద్దాల పెట్టెలో ఉంటే కనీసం తోలు పాడవదు.

అన్నేళ్లు ఆమె పక్కనే నిలబడి వాయించావు. నీకు తెలుసని నాకు అనిపిస్తోంది. తెలిస్తే చెప్పు. తెలియకపోతే తెలియదని రాయి. ఊరికే కుర్చీలు మార్పించకు.

ఆల్సీడ్


చికాగో,
పవిత్ర వారం

ప్రియమైన బావకి,

నాకు తెలుసు. చెప్పనని అక్కకు ఒట్టు పెట్టాను. అందుకే కుర్చీలు మార్పించాను.

ఇక్కడ ఆస్పత్రికి వచ్చే ఫాదర్ పోలండ్ ఆయన. చచ్చిపోయిన మనిషికిచ్చిన మాట తప్పొచ్చా అని అడిగాను. “దానివల్ల ఎవరికైనా హాని ఉందా?” అన్నాడు. “ఒక లెక్కల మాస్టారి పరువుకి” అన్నాను. కాసేపు ఆలోచించి, “చెప్పు” అన్నాడు.

బావా, కూర్చుని చదవండి. మీకు చప్పట్లు కొట్టడం రాదు. మొదటిరోజూ రాలేదు, పెళ్లయ్యాకా రాలేదు, ఇప్పటికీ రాదు. పాట నాలుగు దెబ్బలుగా నడుస్తుంది. మన ఊళ్లో రెండో దాని మీదా నాలుగో దాని మీదా చప్పట్లు కొడతారు. పాలు తాగే పిల్లలు కూడా అంతే. మీరు ఒకటి మీదా మూడు మీదా కొడతారు, అదీ ఎంత ధీమాగా కొడతారో. చర్చిలో ఆర్గాన్ ఆవిడ పాపం ఏ పాపమూ ఎరగదు.

అక్క మొదట్లో మిమ్మల్ని మార్చాలనే అనుకుంది. తర్వాత ఒకరోజు నాతో, “ఒసేయ్, మొగుణ్ణి మార్చడం కంటే పాటను మార్చడం తేలిక” అంది. మీరు చప్పట్లు మొదలుపెట్టాక ఒక వరుస పోనిచ్చి, ఒక దెబ్బ ఎక్కువ పట్టుకుని ఆగేది. దాంతో పాటంతా ఒక అడుగు పక్కకు జరిగేది. మీ చప్పట్లు మాత్రం ఎక్కడున్నవి అక్కడే. అవే ఇప్పుడు సరైన చోట పడేవి. ఊరంతా మీతో కలిసి కొట్టేది. మీ మొహం వెలిగిపోయేది. “చూడవే, వచ్చేసింది అనుకుంటున్నాడు” అనేది నాతో పళ్ల సందులోంచి.

అందుకే దానికి ఒక చోటంటూ లేదు. మీరు ఎప్పుడు మొదలుపెడితే అప్పుడే. మీరు రాని రోజు అదీ రాదు. ఆ చికాగో రికార్డు అలా ఎందుకుందో ఇప్పుడైనా తెలిసిందా? న్యూయార్క్ పెద్దమనిషి చెప్పిన పూర్వీకుడు ఎవరో తెలిసిందా? అక్క పాట మధ్యలో తల తిప్పి మీవైపు చూసేది కదా. మీ చేతులు చూసేది.

ఎందుకు చెప్పలేదంటారేమో. “చెబితే లెక్కపెడతాడు. లెక్కపెడితే సరిగ్గా కొడతాడు. ఆయన సరిగ్గా కొడితే ఇక నా పాటలో ఏముంటుందే” అనేది. ఫిలొమీనా దగ్గర దాచుకుంది కూడా అందుకే. ఆ పిల్ల నోట్లో మాట దాగదు.

శ్మశానం బయట ఆ రోజు మీ చేతుల్లో టోపీ ఉంది. మీరు ఆ ముక్క రాసినప్పుడే నాకు అంతా అర్థమైంది. మీ అంతట మీరే కొడతారని ఎదురు చూశాను. ఇప్పుడు చెప్పేశాను. పాటను బతికించానో చంపానో తెలియదు.

మీ అమ్మగారి పట్టింపులంటే నాకు గౌరవమే. కానీ ఆవిడ కోడలు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి.

మీ జెనోబియా


న్యూ ఓర్లీన్స్,
ఏప్రిల్

ప్రియమైన జెనోబియాకు,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. పెరట్లోకి వెళ్లి ఒక్కణ్ణే చప్పట్లు కొట్టి చూశాను. పక్కింటి కుక్క లేచి వెళ్లిపోయింది.

ఉత్తరం ఫిలొమీనాకు ఇచ్చాను. చదివి నేలమీద కూర్చుండిపోయి నవ్వింది. మీ అక్క నవ్వినట్టే, అదే వంటింట్లో. ఆ పిల్ల మొహం తేటపడింది. “మాస్టారూ, సరైనది నేర్పమంటారా, ఎలా ఉంటుందో చూద్దురు గాని” అంది. నేర్పింది. ఒక్క పూటలో వచ్చేసింది. సరిసంఖ్యల మీద కొట్టడమే కదా. ఇన్నేళ్లలో ఎవరూ నాకలా చెప్పలేదు.

అక్కడే చిక్కొచ్చింది. మీ అక్క చెప్పినట్టే అయింది. వద్దనుకున్నా లెక్కపెడుతున్నాను, సరిగ్గా కొడుతున్నాను. ఎమిల్ తల పట్టుకున్నాడు.

“మాస్టారూ, సరిగ్గా కొట్టేవాళ్లు ఈ ఊళ్లో వీధికి వందమంది. తప్పు కొట్టేది మీరొక్కరే. ఆ ఒక్కరినీ పాడుచేసుకున్నామా?”

కావాలని తప్పు కొట్టి చూశాను. అది ఇంకా ఘోరం. “ఫాదర్ ముందు అబద్ధమాడే పిల్లాడిలా ఉంది” అన్నాడు తియోఫిల్. ఆదివారం దాకా అదే పరిస్థితి. ఆఖరికి, అయ్యేది అవుతుంది పదండి అనుకున్నాం.

ఊరేగింపు రోజు ఎండ బాగా కాసింది. నల్లపట్టీ చేతికి కట్టుకున్నాను. టోపీ ఇంట్లో వదిలేశాను. మా అమ్మ ఏమనేదో నాకు తెలుసు. క్లబ్బు వాళ్లు నిమ్మరంగు సూట్లలో దిగారు, అందరి చేతుల్లో ఈకల విసనకర్రలు. పెద్దాయన ఒకాయన తన భుజం పట్టీ మీద నా పేరు కూడా కుట్టించాడు, తప్పు స్పెల్లింగుతో. గేటు దాకా ఫిలొమీనా నా రుమాలే తీగల కింద పెట్టి నెమ్మదిగా వాయించింది.

గేటు దగ్గర అందరూ నిలిచారు. ఫిలొమీనా రుమాలు లాగి నా వైపు విసిరింది. పట్టుకున్నాను. డ్రమ్ము గొంతు విప్పింది. ‘సోమవారం బట్టలు’ ఎత్తుకున్నారు.

ఒకటి, రెండు అనుకోవడం మొదలుపెట్టాను. గేటు కమ్మీల్లోంచి మీ అక్క సమాధి రాయి కనిపిస్తోంది. పేరు కొత్తగా చెక్కారు, ఇంకా తెల్లగా ఉంది. ఎవరో దాని ముందు ఉల్లికాడలు, కాస్త అన్నం, ఒక జత డ్రమ్ము పుల్లలు పెట్టి వెళ్లారు. ఉల్లికాడలు ఎందుకా అని చూస్తున్నాను. మీ అక్క గంబో పులుసులో అవి ఎక్కువ వేసేది. అది తెలిసినవాళ్లు ఎవరై ఉంటారా అనుకుంటున్నాను. లెక్క ఎక్కడ వదిలేశానో తెలియదు. చేతులు ఎప్పుడు కలిశాయో కూడా తెలియదు.

నా పక్కన గొడుగు పట్టుకున్న ఒకావిడ, “ఎవరయ్యా ఈ పెద్దమనిషి, పాట ఒకవైపు ఈయనొకవైపు” అంది.

ఎమిల్ ట్యూబా నోట్లోంచి తీసి, “నోరు ముయ్యవమ్మా తల్లీ, ఆయన్ని కదిలించకు” అని అరిచి మళ్లీ ఊదాడు.

ఫిలొమీనా తల తిప్పి నా వైపు చూసింది. కనుబొమ్మ లేచింది. ఒక దెబ్బ సేపు అంతా ఆగింది. ట్యూబా, క్లారినెట్టు, చిందులు వేసేవాళ్ల కాళ్లు, అన్నీ. తర్వాత వీధి వీధంతా వచ్చి నా చేతుల మీద పడింది.

గొడుగావిడ నా వైపు తిరిగి, “ఆ, ఇప్పుడొచ్చింది నీకు” అంది. నాకు కొత్త కాదు. అన్నేళ్లూ నాకు అలాగే వచ్చేది.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. క్లబ్బు హాలు దాకా, అక్కడి నుంచి మా ఇంటి దాకా వాయిస్తూనే వచ్చారు. నేను రుమాలు ఊపుతూ నడిచాను. కళ్లు తుడుచుకోవడానికి ఇంకో రుమాలు లేదు, అలాగే వదిలేశాను. ఎమిల్ వాళ్ల ఆవిడ మా వంటింట్లో దూరి గంబో పెట్టింది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పడవ వాళ్ల గళ్ల చొక్కా తనకు బిగుతైందని, అందుకే ఆ ఉద్యోగం వదిలేస్తున్నానని ఎమిల్ అందరికీ చెప్పాడు. కార్నివాల్‌కి ఇప్పుడే మూడు క్లబ్బుల వాళ్లు అడిగారు. అందరూ ఒకే షరతు పెట్టారు, మాస్టారు కూడా రావాలని.

మీ అక్క పాట మధ్యలో అలా తల తిప్పి చూసినప్పుడు, నేను వచ్చినందుకు సంతోషపడుతోంది అనుకునేవాణ్ణి. చేతులు చూసేదని నువ్వు రాశావు. రెండు రోజులు ఆలోచించాను. నేను అనుకున్నదీ తప్పు కాదు.

ఇవాళ ఉదయం మ్యూజియం ఆయన వచ్చాడు. డ్రమ్ము ఖాళీగా లేదని చెప్పి పంపించాను.

తుంటి బాగవగానే రా. ట్రాంబోన్ తెచ్చుకో. నేను చప్పట్లు కొడుతుంటే పాటలో ఎక్కడున్నావో మరిచిపోకుండా ఈసారి జాగ్రత్తపడు.

రుమాలు ఉతికి పెరట్లో ఆరేశాను. ఇవాళ సోమవారం.

నీ బావ,
ఆల్సీడ్